మంగళవారం తీయని తలుపు

తాళంచెవి చలపతిరావు చొక్కా జేబులోనే ఉంది. వరండాలో కుర్చీ వేసుకుని, ఆ జేబు మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నాడాయన.

గేటు తీసుకుని వస్తూనే రత్నమాణిక్యం అడిగింది.

"ఎలా ఉన్నాడండీ?"

"ఇందాకటి దాకా తలుపు కొట్టాడు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు కొట్టడం లేదు."

భర్త ఆ మాట అన్న తీరుకి ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. తాడేపల్లిగూడెంలో రైలెక్కిన దగ్గర్నుంచీ ఒక మంచి కబురు నోట్లో పెట్టుకుని వస్తోంది. మత్తు మాన్పించే కేంద్రంలో మనోజ్‌కి మంచం దొరికింది. రేపు కోర్టు వాయిదా అవగానే నేరుగా తీసుకొచ్చెయ్యమన్నారు. గుమ్మంలో అడుగు పెడుతూనే చెప్పేద్దామనుకుంది. ఇప్పుడా కబురు ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

"టీవీ ఎందుకండీ అంత గట్టిగా పెట్టారు?"

చలపతిరావు లేచి వెళ్లి టీవీ ఆపేశాడు.

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. వంటింటి వెనక గదిలోంచి కూడా ఏ చప్పుడూ లేదు.

"మనోజూ!" అని పిలిచింది. "ఒరేయ్ మనోజూ, నేనురా, వచ్చేశాను."

పలకలేదు.

ఇల్లూ వాకిలీ లేనివాళ్లు తలదాచుకునే వసతిగృహానికి ఆమె మేనేజరు. మనోజూ ఒకప్పుడు అక్కడ ఉన్నవాడే, బెయిలు మీద వచ్చాక ఇంటికి తెచ్చి పెట్టుకుంది. మత్తుకి అలవాటుపడి, అది దొరక్క గదిలో ఒంటరిగా మిగిలినవాళ్లు ఏం చేసుకుంటారో కళ్లారా చూసిన మనిషి. భర్త జేబులో తనే చెయ్యి పెట్టి తాళంచెవి లాక్కుంది. వెళ్లి వెనక గది తలుపు తీసింది.

మనోజ్ గోడకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, కాళ్లకి చెప్పులతో సహా, బస్సు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు. కుడిచేతి వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయింది.

"టైమెంతయిందండి, పిన్నిగారండీ?"

"ఆరు దాటింది."

"అయితే అయిపోయిందండి."

"ఏమయిపోయిందిరా?"

"స్టేషన్లో సంతకమండి."

ఆమెకి ఊపిరి వచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది.

"మళ్లీ మొదలెట్టావా? ఈ వారం సంతకం ఆదివారమే పెట్టొచ్చానన్నావు కదరా!"

మనోజ్ తల దించుకున్నాడు. గుమ్మంలోంచి చలపతిరావు అందుకున్నాడు.

"అదే, మాణిక్యం. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదే మాట. ఆదివారం పెట్టలేదట. ఇవాళ రమ్మన్నారట. నువ్వేమో వెళ్తూ వెళ్తూ, సంతకం అంటాడు, నమ్మకండి, ఏం చెప్పినా తలుపు తియ్యకండి అని చెప్పి వెళ్లావు."

అలా చెప్పిన మాట నిజమే. చెప్పడానికి కారణమూ ఉంది.

నిన్న సాయంత్రం చెరువు మేనేజరు మనిషి మనోజ్‌కి ఫోన్ చేశాడు. కలిదిండి వైపు చేపల చెరువుల మీద వాళ్ల పద్ధతే అంత. స్టేషను ప్లాట్‌ఫాం మీద పడుకునే మనుషుల్ని తిండి పెడతామని వ్యాన్‌లో ఎక్కించుకుపోతారు. గట్టు మీద పాకలో పెట్టి రాత్రంతా కాపలా కాయిస్తారు. నిద్ర రాకుండా గంజాయి బీడీ చేతిలో పెడతారు. కొన్నాళ్లకి జీతం అడగడం మానేసి బీడీ అడుగుతాడు మనిషి. మనోజూ అలాగే అడిగాడు. పోలీసులు వచ్చిన రోజున పాకలో దొరికిన పొట్లాలన్నీ మనోజ్‌వే అయిపోయాయి. అవి ఎవరివో కోర్టులో చెప్పొద్దని, తిరిగి వచ్చేస్తే అన్నీ తామే చూసుకుంటామని ఆ ఫోను సారాంశం. ఫోను పెట్టేశాక మనోజ్ పెరట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. పిలిస్తే వినపడలేదు.

ఒక్క రోజు ఆపితే చాలనుకుంది రత్నమాణిక్యం. మంచం దొరికే దాకా ఒక్క రోజు. అందుకే, వాడు లేవకముందే, గదికి తాళం వేయించి తెల్లవారుజాము రైలుకి వెళ్లిపోయింది.

"సరిగ్గా చెప్పు," అంది ఇప్పుడు, వాడి ఎదురుగా నేల మీద కూర్చుని. "ఆదివారం నువ్వు స్టేషనుకి వెళ్లావా, లేదా?"

"వెళ్లానండి. సెంట్రీ ఒక్కడే ఉన్నాడండి. మిగతా అందరూ పెద్దింట్లమ్మ జాతర బందోబస్తుకి కొల్లేటికోట వెళ్లారండి. పుస్తకాలు రాసే రైటరుగారు లేరు, సంతకాల పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసుకుపోయారు, మంగళవారం రారా అన్నాడండి."

"మరి పెట్టేశానని నాతో ఎందుకు చెప్పావు?"

మనోజ్ చెప్పు పట్టీని వేలితో లాగుతూ కూర్చున్నాడు.

"చెప్పరా."

"పెట్టలేదంటే మీరు టార్చిలైటు తెచ్చి నా కళ్లు చూస్తారు కదండి."

రత్నమాణిక్యం చూసేదే. మొన్నామధ్య సంతకానికని వెళ్లి, రాత్రి ఎప్పుడో ఎర్రటి కళ్లతో నవ్వుకుంటూ వచ్చిన దగ్గర్నుంచీ, బయటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ వాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి టార్చి వేసి చూస్తోంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఉచిత న్యాయ సహాయం కింద మనోజ్ కేసు చూస్తున్న లాయరు క్రిస్టినా.

"ఆంటీ, మనోజ్ ఎక్కడ? స్టేషన్లో ఇవాళ సాయంత్రం దాకా చూశారట. ఈ వారం సంతకం పెట్టలేదని రేపటి వాయిదాకి రాసి పంపేశారు. బెయిలు రద్దు చెయ్యమని అడుగుతారు."

రత్నమాణిక్యం ఫోను చెవికి ఆనించుకునే మనోజ్ వైపు చూసింది. చొక్కా మడత కూడా నలగకుండా కూర్చున్నాడు.

"ఆంటీ? వినపడుతోందా?"

"వినపడుతోందమ్మా," అంది.

*

భార్యాభర్తలిద్దరూ వంటింట్లో నిలబడి, గొంతు పెంచకుండా తగువులాడుకున్నారు. పక్క గదిలో మనోజ్‌కి వినపడకూడదని వాళ్ల జాగ్రత్త. వాడికి ప్రతి ముక్కా వినపడుతూనే ఉంది.

"నాకొక ఫోన్ చెయ్యకూడదటండీ?"

"చేశాను. రైల్లో ఉన్నావో ఏమో, అందలేదు."

"మళ్లీ చెయ్యాలి."

"మళ్లీ చేస్తే ఏమనేదానివి? తీయమనేదానివా?"

ఆమె స్టవ్ వెలిగించింది. దాని మీద ఏమీ పెట్టలేదు.

"మీకు తెలియలేదా? వాడి మొహం చూస్తే తెలియలేదా, నిజమో అబద్ధమో?"

"మొహం ఎక్కడ చూశాను? కిటికీ దగ్గరికి వెళ్తే ఎక్కడ తీసేస్తానో అని ఆ వైపుకే పోలేదు. బాబాయిగారండీ, మీరూ నాతో రండి, నా చెయ్యి పట్టుకునే తీసుకెళ్లండి, సంతకం పెట్టి వచ్చేద్దాం అన్నాడు. ఆ మాట అన్నాకే టీవీ పెంచాను."

"ఎందుకూ?"

"ఎందుకేమిటి? వినపడకుండా ఉండటానికి."

రత్నమాణిక్యం స్టవ్ ఆపేసింది. ఆయన రిటైరయ్యే దాకా కాలేజీ లైబ్రరీలో పనిచేశాడు. పుస్తకం చింపిన కుర్రాణ్ణి కూడా గట్టిగా మందలించి ఎరగడు. అలాంటి మనిషిని పొద్దుటి నుంచి ఒక తలుపు ముందు కాపలా పెట్టింది తను.

"నేను చెప్పకపోతే తీసేవారా?" అని అడిగింది.

"తీసేవాణ్ణేమో."

"ఏమో కాదు. తీసేవారు."

"తీస్తే వాడు నేరుగా స్టేషనుకే వెళ్లేవాడని నీకేం నమ్మకం? చెరువు మీదకే పోయేవాడేమో. అప్పుడు నన్నే అనేదానివి."

రత్నమాణిక్యం పసుపు డబ్బా తీసుకుని వెనక గదిలోకి నడిచింది.

ఫోన్లోనే జరిగిందంతా విన్న క్రిస్టినా వచ్చేసరికి వాళ్లు మనోజ్ చేతికి పసుపు రాస్తున్నారు. ఆ అమ్మాయి స్కూటీ దిగి, హెల్మెట్ తియ్యడం కూడా మరిచిపోయి కుర్చీలో కూలబడింది. ఆమె వెనకే ఇమాం సాహెబు, ఆయన భార్య కమరున్నీసా ఆటో దిగారు. మనోజ్ బెయిలుకి జామీను నిలబడింది ఇమాం సాహెబే. రత్నమాణిక్యంవాళ్లది అద్దె ఇల్లు. కోర్టుకి అది పనికిరాలేదు. ఏలూరు తివాచీలు నేసి నేసి చూపు తగ్గిపోయిన ఆ ముసలాయన, ఇప్పుడు వసతిగృహంలో పరుపులు కుడుతూ, మనోజ్‌తో సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండేవాడు. ఆ చుట్టరికానికి సొంత ఇంటిని జామీను పెట్టాడు.

"ఈయనకి కళ్లు కనపడవు, చెవులు వినపడవు," అంది కమరున్నీసా గుమ్మంలోంచే. "కోర్టులో వేలిముద్ర వెయ్యమంటే మాత్రం పెళ్లికొడుకులా లేచి వెళ్లాడమ్మా! ఏరా మనోజూ, మా ఇల్లు ఉందా, పోయిందా?"

"మీ ఇంటికేం కాదండీ," అంది క్రిస్టినా. "రేపు మనోజ్ కోర్టుకి వస్తే మీ బాధ్యత అక్కడితో సరి."

"ఇంటి సంగతి ఎవడు అడిగాడమ్మా?" అన్నాడు ఇమాం సాహెబు. "పిల్లవాడి సంగతి చెప్పు."

"తాతగారూ, వీడి వయసుకి పెళ్లయి పిల్లలుండాలి."

"నాకు దారం ఎక్కించేవాడు నాకు పిల్లవాడే."

కమరున్నీసా సంచిలోంచి ఒక చొక్కా తీసి మనోజ్ ఒళ్లో పడేసింది. లేత నీలం రంగు, ఇంకా మిషను నూనె వాసన వేస్తోంది.

"రేపు ఇది వేసుకో. జడ్జిగారి ముందు దొంగవాడిలా నిలబడకు. భుజం కొలత అంచనాగా కుట్టాను. బిగుతైతే చేతులు ఎత్తకు."

మనోజ్ చొక్కా వైపు చూస్తూ నవ్వబోయాడు. నవ్వు పూర్తిగా రాలేదు.

"రేపు ఏం చెప్తావమ్మా?" అని చలపతిరావు క్రిస్టినాని అడిగాడు.

క్రిస్టినా అప్పటికి హెల్మెట్ తీసింది.

"అదే అంకుల్, ఆదివారం సంగతి చెప్తాను. కానీ సెంట్రీ రమ్మన్నాడన్నదానికి సాక్ష్యం లేదు. అతను ఒప్పుకోడు. ఒప్పుకున్నా, మంగళవారం ఎందుకు రాలేదని అడుగుతారు."

"జ్వరమని చెప్పు," అంది కమరున్నీసా.

"డాక్టరు చూసినట్టు ఉండాలండీ. దొంగ సర్టిఫికెట్టు నేను పెట్టను. పెడితే వీడూ పోతాడు, నేనూ పోతాను."

"మరి నిజం చెప్తే?" అన్నాడు చలపతిరావు. "నేనే తాళం వేశానని నేనొచ్చి చెప్తాను."

క్రిస్టినా పసుపు అంటిన మనోజ్ చేతి వైపు చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగింది.

"చెప్తే జడ్జిగారు నమ్మే అవకాశం ఉంది అంకుల్. బెయిలు నిలబడొచ్చు. కానీ ఎదిగిన మనిషిని రోజంతా గదిలో పెట్టి తాళం వెయ్యడం కూడా నేరమే. మీ మీదా, ఆంటీ మీదా కేసు పెట్టమనొచ్చు. పెట్టకపోవచ్చు కూడా. నేను మాట ఇవ్వలేను."

"బెయిలు పోతేనో?"

"కేసు తేలేదాకా లోపలే. ఎన్నాళ్లో నాకే తెలియదు. తాడేపల్లిగూడెంలో ఆ మంచం మాత్రం ఆగదు."

మంచం సంగతి మనోజ్ అప్పుడే మొదటిసారి విన్నాడు. తలెత్తి రత్నమాణిక్యం వైపు చూశాడు.

"దొరికిందాండి?"

"దొరికిందిరా," అంది ఆమె. పొద్దుటి నుంచి మోసుకొచ్చిన కబురు ఇలా, ఇంతమంది మధ్య, ఎవరికీ సంతోషం కాకుండా బయటపడింది.

*

అందరూ వెళ్లిపోయాక రత్నమాణిక్యం అన్నం కలిపి మనోజ్‌కి పెట్టింది. చెయ్యి మంట పుడుతుందని తనే ముద్దలు చేసి కంచంలో పెడుతుంటే, ఎడమచేత్తో తీసుకుని తిన్నాడు. వెనక గది తలుపు బార్లా తెరిచే ఉంచారు. ఆ తలుపు దగ్గరికి వెయ్యడానికి కూడా ఇద్దరికీ చేతులు రాలేదు.

మనోజ్ లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాక, ఆమె గొంతు తగ్గించి అంది.

"మీరు రేపు ఏం మాట్లాడకండి."

చలపతిరావు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే?"

"నా మీద కేసు అని ఒక్క మాట బయటికి వస్తే, వసతిగృహం నా చేతిలో ఉండనిస్తారాండీ? మళ్లీ ఆ హనుమంతరావుకి ఇచ్చేస్తారు. నాకు ముందు అతను ఉన్నప్పుడు ఏం జరిగేదో మీకు తెలుసు. సాయంత్రమయ్యేసరికి గేటు ముందు చెరువుల వ్యాన్ ఆగి ఉండేది. అన్నం తినడానికి వచ్చినవాళ్లని తినగానే ఎక్కించి పంపేసేవాడు. ఇప్పుడు అక్కడ పడుకున్న వాళ్లందరూ రేపు ఆ వ్యాన్ ఎక్కాల్సిందే."

"అందుకని వీణ్ణి జైలుకి పంపిద్దామంటావు."

"నేను అలా అనలేదు."

"అనలేదులే. నాకే అలా వినపడింది."

"ఏవండీ, మీరు నన్నలా చూడకండి. నాకు తెలిస్తే చెప్పనా, ఏం చెయ్యాలో? ఇటు చూస్తే వీడు. అటు చూస్తే వాళ్లు."

"నాకు ఆ వాళ్ల మొహాలు తెలియవు మాణిక్యం. నాకు వీడి గొంతు తెలుసు. పొద్దుటి నుంచీ విన్నాను."

"టీవీ పెట్టుకున్నానన్నారుగా!"

మాట నోట్లోంచి జారిపోయింది. ఆయన లేచి, తన కంచం తనే తీసుకుని, కుళాయి దగ్గరికి వెళ్లాడు.

కుళాయి దగ్గర మనోజ్ నిలబడి ఉన్నాడు. నీళ్లు కట్టేసి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డాడో తెలియదు.

"ఇలా ఇవ్వండి బాబాయిగారండీ, నేను తోమేస్తాను," అన్నాడు.

"చెయ్యి బాగాలేదుగా."

"ఎడమ చెయ్యి బాగానే ఉందండి."

ఆయన కంచం ఇచ్చేశాడు. లోపలికి పోకుండా పక్కనే నిలబడ్డాడు. క్షమించమని అడగాలని చలపతిరావుకి ఉందని రత్నమాణిక్యానికి గుమ్మంలోంచి చూస్తేనే తెలుస్తోంది. ఆయన అడగలేదు. మనోజ్ కంచం తోమి, ఆయన చేతికిచ్చి, "దోమలండి, లోపలికెళ్లండి" అన్నాడు.

*

కోర్టు హాల్లో వెనక బల్ల మీద వాళ్లు నలుగురూ వరసగా కూర్చున్నారు. చివర ఇమాం సాహెబు, ఆయన పక్కన కమరున్నీసా, తరవాత రత్నమాణిక్యం, గోడవైపు చలపతిరావు. ఇంటి దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చేదాకా భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆటోకి చిల్లర ఉందా అని కూడా అడగలేదు.

జడ్జిగారు కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ. దగ్గుతో బాధపడుతున్నట్టుంది, మాటిమాటికీ నీళ్లు తాగుతోంది. వీళ్ల ముందు పిలిచిన కేసులో ఒక ముసలివాడు బోనులో నిలబడలేక ఊగుతుంటే, స్టూలు వేయించి కూర్చోబెట్టింది. అది చూసి రత్నమాణిక్యానికి కొంచెం ధైర్యం వచ్చింది. ఎదటివాడి కాళ్ల వంక చూసే మనిషి కదా అనుకుంది.

మనోజ్ పేరు పిలిచారు. నీలం చొక్కా భుజాల దగ్గర బిగుతుగానే ఉంది. చేతులు రెండూ శరీరానికి అంటించుకుని బోనులోకి వెళ్లి నిలబడ్డాడు.

ప్రభుత్వ ప్లీడరు లేచి, షరతు తప్పాడు కాబట్టి బెయిలు రద్దు చెయ్యాలని నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. ఆయనకేం కోపం లేదు. ఆయన ముందు ఇంకా చాలా కేసు కట్టలున్నాయి.

క్రిస్టినా లేచింది. "మేడమ్, ఆదివారం నా క్లయింటు స్టేషనుకి వెళ్లాడు. జాతర బందోబస్తు వల్ల అక్కడ..."

"జాతర సరేనమ్మా. మంగళవారం రమ్మన్నారని మీరే రాశారు కదా? మంగళవారం ఏమైంది?"

క్రిస్టినా ఒక్క క్షణం వెనక బల్ల వైపు చూసింది. రత్నమాణిక్యం చూపు దించేసుకుంది.

"ఏం బాబూ?" జడ్జిగారు మనోజ్‌నే అడిగింది. గొంతు మెత్తగానే ఉంది. "ఎందుకు వెళ్లలేదు? నువ్వే చెప్పు."

రత్నమాణిక్యం మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఏమని పెట్టుకుందో ఆమెకే తెలియదు. నిజం చెప్పాలనో, చెప్పకూడదనో.

"గంజాయి తాగానండి," అన్నాడు మనోజ్.

క్రిస్టినా గిరుక్కున తిరిగింది. "మనోజ్!"

"తాగి ఒళ్లు తెలియకుండా పడిపోయానండి. ఎక్కడ పడ్డానో తెలియదండి. లేచేసరికి సాయంత్రమైపోయిందండి."

"ఇంట్లో వాళ్లు చూడలేదా?"

"ఇంట్లో లేనండి. వాళ్లకేం తెలియదండి. చాలా మంచోళ్లండి."

ప్రభుత్వ ప్లీడరు తల పంకించి పెన్ను మూత పెట్టేశాడు. గుమ్మం దగ్గర కానిస్టేబులు ఇంతే కదా అన్నట్టు పక్కవాడి వైపు చూశాడు. జడ్జిగారు నిట్టూర్చి, కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. ఆ హాల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిజం చెప్తే ఇద్దరు మనుషులు నమ్మలేదు. ఇవాళ అబద్ధం చెప్పగానే ఇంతమంది నమ్మేశారు.

"వాడు నిన్న గదిలోనే కదా ఉన్నాడు?" అన్నాడు ఇమాం సాహెబు, చెవుడు వల్ల కొంచెం గట్టిగానే. కమరున్నీసా ఆయన మోకాలు నొక్కి ఊరుకోబెట్టింది. ఆమె కళ్లు మాత్రం రత్నమాణిక్యం మీదే ఉన్నాయి. తిట్టే మనిషి తిట్టకుండా చూస్తుంటే భరించడం కష్టంగా ఉంది.

రత్నమాణిక్యం బోను వైపు చూసింది. మనోజ్ ఆమెనే చూస్తున్నాడు. పని బాగా చేశానా అని అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. వసతిగృహంలో నేల తుడిచాక కూడా అలాగే చూసేవాడు.

పక్కన బల్ల కిర్రుమంది.

చలపతిరావు లేచి నిలబడ్డాడు. రత్నమాణిక్యం చెయ్యి తనంతట తనే వెళ్లి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. లాగితే కూర్చునేవాడే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె మాట కాదన్న మనిషి కాదు. ఆమె లాగలేదు. వదలనూ లేదు.

"అమ్మా," అన్నాడాయన. ఎవరూ తల తిప్పలేదు. మళ్లీ అన్నాడు. "అమ్మా, ఒక్క మాటండి."

జడ్జిగారు రాయడం ఆపి తలెత్తింది. బోనులో మనోజ్ వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఎవరండీ మీరు?"

"చలపతిరావండి."

"లాయరుగారా?"

"కాదండి."

"జామీనుదారా?"

"ఆయన ఇక్కడ కూర్చున్నారండి. నేను కాదండి."

జడ్జిగారు కళ్లజోడు సరిచేసుకుని ఆయన్ని పరీక్షగా చూసింది.

"మరి ఈ అబ్బాయికి మీరు ఏమవుతారు?"

చెప్పాల్సిన మాటలన్నీ చలపతిరావు రాత్రంతా కూడబలుక్కుని తెచ్చుకున్నాడు. తాళం సంగతి, తలుపు సంగతి, జాతర సంగతి. ఈ ప్రశ్న మాత్రం ఆయన అనుకోలేదు. మెల్లగా తల తిప్పి, చొక్కా అంచు పట్టుకుని కూర్చున్న భార్య వైపు చూశాడు.

జడ్జిగారూ అటే చూసింది. మనోజూ అటే చూశాడు.